రాజా దీనదయాళు: చిత్రమే చాటింపు

క్రొత్తగా నొక వ్యాపారమును బ్రారంభించువానికి మొదటి దినమున నెదురగు ప్రశ్న సరకును ఎట్లు చేయవలెననునది గాదు; దానిని కొనువాడెక్కడ నున్నాడనునది. సరకు చేయుటకు నేర్పును, కొంత మూలధనమును చాలును. కొనువానిని గుమ్మము దాటించి లోనికి రప్పించుట మాత్రము వేఱు విద్య. ధనవంతుడు పత్రికలలో ప్రకటనలు వేయించును, గోడలమీద పేరు వ్రాయించును, నేటి దినములలోనైతే మన యఱచేతిలోని టెలిఫోనునందు గంటకు పదిమాఱులు తన సరకును ప్రదర్శించును. అట్టి వ్యయమునకు శక్తి లేనివాడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు ఉపన్యాసములలో గాక యొక మనుజుని జీవితములో సమాధానము వెదకుట మేలు. హైదరాబాదు నగరచరిత్రలో అట్టి జీవిత మొకటి యున్నది. అది ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళు జీవితము.

చౌమహల్లా దర్బారును, ఫలక్‌నుమా మందిరములను, ఆఱవ నిజామును, ఆయన కొలువులోని యుమరావులను చూపు పాతచిత్రములను మనలో పలువురు గ్రంథములందును వస్తుప్రదర్శనశాలలందును చూచియే యుందురు. వానిలో ననేకము ఆయన కెమెరానుండి వచ్చినవే. చిత్రములు అందఱకును తెలియును గాని వాని వెనుకనున్న వర్తకుని నేర్పు కొలదిమందికే తెలియును.

దీనదయాళు 1844వ సంవత్సరమున మీరటు సమీపమునందలి సర్ధనా గ్రామమున, నగల వ్యాపారము చేయు జైనకుటుంబమున జన్మించెను. రూర్కీయందలి థామసన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు నగరమున ప్రభుత్వ కట్టడముల శాఖలో పటములు గీయుటకును, ఖర్చుల అంచనాలు కట్టుటకును ఉద్యోగియై ప్రవేశించెను. కట్టడమును చూచినంతనే దాని కొలతలను గ్రహించు కన్ను ఆయనకు అక్కడనే యలవడెను. 1874లో ఆయన కెమెరా చేతబట్టెను. అప్పటికి ముప్పది యేండ్ల వయసు, స్థిరమైన జీతము, సంసారభారము గలవాడు.

ఆనాడు ఛాయాచిత్రకళ యెట్టిదో పాఠకులు ఊహించుకొనవలెను. నేటివలె వ్రేలితో నొక్కి చిత్రము తీయు కాలము గాదది. గాజుపలకపై రసాయనద్రవమును పూసి, యది తడి యాఱకముందే చిత్రము తీసి, చీకటి గుడారములో వెంటనే కడుగవలసి యుండెను. గాజుపలకలు, వెండిలవణములు, కటకములు సీమనుండి రావలసినవే. ఒక్క పలక పగిలినను ఒక దినపు శ్రమ నశించును. వ్యాపారమో, ప్రధానముగ తెల్లవారి చేతులలో నుండెను. కలకత్తాలోను సిమ్లాలోను బౌర్న్ అండ్ షెపర్డ్ వంటి సంస్థలు రాజప్రతినిధులను, జమీందారులను, హిమాలయ దృశ్యములను చిత్రించి పేరుగాంచియుండెను. అట్టి రంగమున ఇందూరులోని యొక దేశీయ గుమాస్తా ప్రవేశించుట సాహసమే. కాని దీనదయాళు సాహసము కన్నుమూసికొని దూకినది గాదు. ఉద్యోగమును ఆయన వెంటనే విడువలేదు. సుమారు పదిసంవత్సరములు జీతముతో ఇల్లు నడపుకొనుచు, తీరిక వేళల కెమెరా పట్టి, తన విద్యకు పేరు వచ్చువఱకు ఓపిక పట్టెను. వచ్చిన మొదటి రాబడితోనే పొట్ట నింపుకొనవలసిన యగత్యము లేనివాడు తక్కువ రకపు పనికి చేయిచాపడు. మంచి పనిని మాత్రమే బయటికి పంపగలడు. క్రొత్త వ్యాపారికి ఇది మొదటి బలము.

ఇక ఆయనకు మొదటి గిరాకీ ఎట్లు దొరకెను? ఇందూరు మహారాజగు రెండవ తుకోజీరావు హోల్కరు ఆయన పనిని మెచ్చెను. ఆయన ద్వారమున మధ్యహిందూస్థానములో గవర్నరు జనరలునకు ఏజెంటుగా నుండిన సర్ హెన్రీ డాలీతో పరిచయ మేర్పడెను. డాలీ ఆదరముచే 1875–76లో వేల్సు రాకుమారుడు హిందూదేశమున సంచరించినప్పుడు చిత్రములు తీయు నవకాశము దీనదయాళునకు లభించెను. ఒక మెట్టు మఱియొక మెట్టును చూపినది. ఇందు అదృష్టము లేదని యనము. కాని అదృష్టము వచ్చిన ప్రతివాడును దానిని నిలుపుకొనలేడు. మొదటి చిత్రము బాగుగ రాకపోయినచో, మహారాజు దానిని డాలీకి చూపియుండడు. మెచ్చిన గిరాకీదారు తనకు తెలియకయే ఆ వర్తకునికి జీతము లేని దూత యగును.

ఈ దూతకార్యమునకు ఛాయాచిత్రము తక్కిన సరకులకంటె మిక్కిలి యనుకూలమైనది. పప్పు, నూనె కొన్నవాడు ఇంటికి పోయి వండుకొని తినును. అంగడి పేరు అంతటితో మఱచిపోవును. చిత్రము కొన్నవాడు దానిని గోడకు తగిలించును, ఆల్బములో నంటించును, వచ్చిన బంధువులకును స్నేహితులకును చూపించును. ఆనాటి యాచారము ననుసరించి చిత్రములను దళసరి యట్టపై నంటించి, యట్టమీద స్టూడియో పేరును, దాని బిరుదులను ముద్రించుచుండిరి. దీనదయాళు దృశ్యచిత్రములలో ఆయన పేరును వరుస సంఖ్యయు గాజుపలకమీదనే వ్రాయబడి, కాగితముపై చిత్రముతోబాటే దిగుచుండెను. దీని ప్రయోజనము గమనింపుడు. ఒక సైనికోద్యోగి స్నేహితుని యింట నొక కోట చిత్రము చూచి ముచ్చటపడినచో, ఆ పేరును ఆ సంఖ్యను వ్రాసికొని ఉత్తరము వేసినంతనే అదే చిత్రమును తెప్పించుకొనవచ్చును. గాజుపలక స్టూడియోలో భద్రముగ నుండును. దానినుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. ఒకసారి చేసిన శ్రమ పలుమాఱులు ఫలించును. తనను ఎన్నడును చూడనివానికి తన సరకు తానే చేరి, తిరిగి కొనుట ఎట్లో తానే చెప్పును. ఇంతకంటె మేలైన ప్రకటన యేది?

1880వ దశకము మొదట దీనదయాళు, డాలీ తరువాత ఏజెంటుగా వచ్చిన సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ ప్రాంతమున సంచరించి ప్రాచీన దేవాలయములను, కోటలను, ప్రాసాదములను చిత్రించెను. అప్పటికి ముందుగనే సిద్ధపరచిన పొడి గాజుపలకలు వాడుకలోనికి వచ్చుచుండుటచే దూరయాత్రలలో చిత్రములు తీయుట సుకరమయ్యెను. ఆ యాత్రాఫలముగ మధ్యహిందూస్థానపు ప్రసిద్ధ కట్టడములను గూర్చి గ్రిఫిన్ పేర 1886లో వెలువడిన గ్రంథమున దీనదయాళు చిత్రములు ముద్రితమైనవి. దానివలన ఆయన పని ఇందూరును దాటి, ఆయన కాలు మోపని సీమలకు పోయెను. కట్టడముల శాఖలో గడించిన కన్ను ఇచ్చట పనికివచ్చినది. రాతిమీద వెలుతురు ఎప్పుడు వాలినచో శిల్పము స్ఫుటముగ తోచునో ఎఱిగినవాని చిత్రమునకును ఎఱుగనివాని చిత్రమునకును గల భేదమును చూచువాడు వివరింపలేకపోయినను గ్రహింపగలడు.

1880వ దశకము నడుమ ఆయన ఉద్యోగమును వదలి పూర్తిగ వృత్తిలో దిగెను; దృష్టిని హైదరాబాదువైపు మరలించెను. ఈ యెన్నిక వర్తకబుద్ధికి నిదర్శనము. ఆఱవ నిజామగు మీర్ మహబూబు అలీఖాను 1884లో స్వయముగ రాజ్యభారమును వహించెను. యౌవనవంతుడు, వేటయందును వేడుకలయందును ఆసక్తి గలవాడు. మూసీనదికి దక్షిణమున పాతబస్తీలో పురానీ హవేలీ, చౌమహల్లా మొదలగు రాజసౌధములును, పైగా వంశస్థుల యొక్కయు సాలార్‌జంగు వంశస్థుల యొక్కయు దేవిడీలును ఉండెను. నదికి ఉత్తరమున రెసిడెన్సీయు, ఆవల సికిందరాబాదు దండును ఉండెను. ఒకవైపు దర్బారు, పండుగ, పెండ్లి, వేట. మఱియొకవైపు పటాలములు, కవాతులు, క్రీడలు, సీమకు తిరిగిపోవుచు జ్ఞాపకచిహ్నములు కోరు దొరలు. కొన్ని మైళ్ల లోపల ఇట్టి రెండు గిరాకీలు జతగానున్న పట్టణము దేశమున అరుదు. దీనదయాళు 1886లో సికిందరాబాదున స్టూడియో స్థాపించి, రెండు తీరములను కలుపు వంతెనవలె నడచెను. నిజాము ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగ నియమించి, రాజా బిరుదము నొసగెను. ముసవ్వరుజంగు అను పేరు కూడ నాయనకు దక్కెను. ఉర్దూలో ముసవ్వరు అనగా చిత్రకారుడు.

పాతబస్తీలో ఒక నవాబు దేవిడీలో నొక క్రొత్త వస్తువు కనబడెనన్న, నాలుగు దినములలో ప్రక్క దేవిడీకి ఆ వార్త పోకమానదు. ప్రభువు చిత్రము తీయించుకొన్న చోట సరదారు తీయించుకొనగోరును. సరదారు కోరినదానిని జాగీరుదారు కోరును. మర్యాదకు సంబంధించిన ఈ పోటీని దీనదయాళు పుట్టింపలేదు. అది అక్కడ నుండనే యుండెను. దాని ప్రవాహమున తన పడవను నిలుపుటయే ఆయన చేసిన పని. దర్బారులు, వేటలు, విందులు, అతిథుల రాకలు జరిగినప్పుడెల్ల ఆయన కెమెరా అక్కడ నుండెను. 1893లో ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండు నిజామునకు అతిథియై వచ్చినప్పటి వేటను, 1902లో కర్జను ప్రభువు దంపతులు చంపిన పులి ప్రక్క నిలిచిన దృశ్యమును చిత్రించిన ఖ్యాతి ఆయన స్టూడియోదే. అట్టి యతిథి ఆల్బముతో స్వదేశము చేరినప్పుడు, దీనదయాళు పేరు ఖర్చులేకయే సముద్రము దాటుచుండెను.

ఇంతవఱకు చెప్పినది ప్రభువుల యాదరమును గూర్చిన కథ. ఆయన స్వబుద్ధిని అన్నిటికంటె స్పష్టముగ చూపు ఘట్టము 1892లో జరిగినది. ఆనాటి హైదరాబాదు సంపన్నకుటుంబములలో, హిందువులలోను మహమ్మదీయులలోను, ఘోషా యాచారము గట్టిగ నుండెను. పురుషుడు చిత్రములు తీయు స్టూడియోలో ఆ కుటుంబముల స్త్రీలు అడుగుపెట్టుట అసంభవము. అనగా కొనుశక్తియు కోరికయు గల గిరాకీలో సగము తలుపు బయటనే నిలిచిపోయినది. ఎన్ని కరపత్రములు పంచినను, ఎంత వెల తగ్గించినను ఆ సగము లోనికి రాదు. వారి యాటంకము తెలియమి గాదు, ధనలోపము గాదు. అంగడి కట్టడియే వారికి ఆటంకము. దీనదయాళు దీనిని గ్రహించి, వారి యాచారమును ఆక్షేపింపక, తన యంగడినే మార్చెను. హైదరాబాదులో జనానా స్టూడియో నొకదానిని స్థాపించి, ఎత్తైన గోడల నడుమ పరపురుషుల చూపు సోకని యేర్పాటు గావించి, దాని నిర్వహణము కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనితకు అప్పగించెను. అచ్చట స్త్రీలను చిత్రించువారు స్త్రీలే.

ఈ యొక్క పని వలన కలిగిన ఫలమును ఆలోచింపుడు. తల్లులు, భార్యలు, కుమార్తెలు తమ రూపమును తాము కాగితముపై చూచుకొను భాగ్యము నొందిరి. ఒక యంతఃపురమున పుట్టిన వార్తను మఱియొక యంతఃపురమునకు చేర్చుటకు పత్రిక గాని, దండోరా గాని అక్కఱలేదు. పెండ్లిండ్లును పేరంటములును చాలును. ప్రకటన చేరలేని గోడల లోనికి నమ్మకము చేరును. అంగడి తన్ను మార్చుకొని కొనువారి కడకు పోయినది గనుక కొనువారు అంగడిని తమ దానినిగ నెంచిరి. వ్యాపారము పెంచుకొన గోరువారు ఎవరు వచ్చుచున్నారని మాత్రమే లెక్కించెదరు. ఎవరు రాలేకున్నారు, ఏల రాలేకున్నారు అని విచారించువాడు వేయింటికొక్కడు. దీనదయాళు అట్టి యొక్కడు.

అటుపిమ్మట కీర్తి తానే వెంట నడచినది. 1893 షికాగో ప్రపంచప్రదర్శనమున ఆయన చిత్రములకు బహుమానము వచ్చెను. 1896లో బొంబాయిలో పెద్ద స్టూడియో తెఱచెను. 1897లో విక్టోరియారాణి తన ఛాయాచిత్రకారునిగ ఆయనకు నియామకపత్ర మొసగెను. ధనము చేకూరిన పిదప ఏ వర్తకుడైనను పట్టికలు ముద్రింపవచ్చును, ప్రకటనలు వేయింపవచ్చును. మనము గమనింపవలసినది, పేరు లేని నాడు పేరెట్లు వచ్చినదనునది. అది కొన్నది గాదు, కూడబెట్టినది.

ఆయన మార్గమున లోపము లేదని చెప్పుట చరిత్రకు న్యాయము గాదు. ప్రభువుల నాశ్రయించిన వర్తకము ప్రభువుల యిచ్ఛకు లోబడియుండును. కెమెరా ముందు ఎవరు నిలిచిరో, వారు తమ్ము ఎట్లు చూపుకొనగోరిరో అట్లే చిత్రము రూపొందును. చంపిన పులులును, రత్నాల తలపాగాలును పుష్కలముగ నున్న ఆ చిత్రసంపుటములలో రైతుబిడ్డకు దక్కిన చోటు స్వల్పము. పంతొమ్మిదవ శతాబ్ది తుదను నిజాము రాజ్యమున కఱవు వచ్చినప్పుడు జరిగిన సహాయకార్యములను సైతము ఆయన స్టూడియో చిత్రించెను. కాని అవియును ప్రభుత్వపు దాతృత్వమును చూపుటకే ప్రధానముగ నుద్దేశింపబడినవి. పరప్రభుత్వపు వైభవమును మన దేశీయుని చేయి ఇంత సుందరముగ నిలిపినదే యని దేశాభిమానులకు మనసు కలుక్కుమనుట సహజము. అయినను తెల్లవారు తమ సొత్తుగ నెంచుకొనిన ఒక విద్యలో, వారి మెప్పును వారిచేతనే పలికించి, వారిని గిరాకీదారులుగ తన గుమ్మమునకు రప్పించిన దేశీయుడు ఆయనయే యనుటయు అంతే సత్యము.

వ్యాపారదృష్టితో చూచినను ఆ లోపము ఫలితము లేకపోలేదు. ఒక మహావృక్షపు నీడ చల్లగనే యుండును. దానికింద మొలచిన చెట్టుకు వేళ్లు లోతునకు పోవు. కుమారులలో ధరమ్‌చందు 1904లోనే మరణించెను. మఱుసటి యేట, 1905 జులైలో, దీనదయాళు పరమపదించెను. మిగిలిన కుమారుడు జ్ఞానచందు సంస్థను నడపెను గాని పూర్వవైభవము నిలువలేదు. పేరు ఒక్క వ్యక్తియందును, గిరాకీ కొన్ని కొలువులయందును ఇమిడియున్న వ్యాపారమునకు అట్టి గతి పట్టుట వింత గాదు. నోటిమాట వలన గిరాకీ సంపాదించువారు ఈ హెచ్చరికను మఱవరాదు. మాట చెప్పువారు పలువురై, పలు తరగతులవారై యుండవలెను. ఒక్క పెద్దమనిషి నోటనే తన పేరుండెనేని, ఆ నోరు మూసికొన్న నాడు అంగడియు మూతపడును.

ఆయన గాజుపలకలు మాత్రము ఆయనకంటె దీర్ఘాయువులైనవి. 1989లో న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము దాదాపు 3,000 పలకలను సంపాదించి భద్రపఱచెను. 2006లో భారతీయ తపాలాశాఖ ఆయన పేర తపాలాబిళ్లను వెలువరించెను. నేడు ఆఱవ నిజాము కాలపు పాతబస్తీని చూడగోరు ప్రతి చరిత్రకారుడును ఆయన గుమ్మమును తట్టవలసినదే. గిరాకీ యింకను తీరలేదు.

ఇందులకు ఒక యాక్షేపణ వచ్చును. దీనదయాళునకు మహారాజులు దొరకిరి. మాకెవ్వరు దొరకుదురని చిన్నవర్తకుడు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని మహారాజు వేషమును తొలగించి చూచినచో మిగులునది సామాన్యుడును చేయదగిన పనియే. మెచ్చుకొనువాడు నలుగురికి చూపగల స్థానమున నున్నాడా యని చూచి మొదటి గిరాకీని వెదకుట. చేసిన ప్రతివస్తువునందును తన పేరును, తిరిగి కొను మార్గమును పొందుపఱచుట. రాలేనివారు ఏల రాలేకున్నారో తెలిసికొని అంగడిని మార్చుట. ఇందు దేనికిని రాజదర్బారు అవసరము లేదు. మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనమును స్థాపించి, సంగీతసభలలో దానిని ఉచితముగ పంచిపెట్టి పేరు వ్యాపింపజేసిన కథ ఆంధ్రులెఱిగినదే. అక్కడ ఆల్బము చేసిన పనిని ఇక్కడ చిన్న డబ్బీ చేసినది. నలుగురు చేరుచోటు తెలిసికొని, సరకును ముందు నిలిపి, తాము వెనుక నిలిచిన వారే యిరువురును.

ఉచితముగ వచ్చు పేరునకు వెల లేదని మాత్రము భ్రమింపరాదు. దీనదయాళు దానికి పదేండ్ల ఓర్పును, పగిలిన గాజుపలకలను, ఎండలో బండ్లపై సాగిన యాత్రలను వెలగా నిచ్చెను. ధనముతో కొనిన ప్రకటన ధనము నిలిచిన నాడే నిలిచిపోవును. పనితో కొనిన పేరు పని మంచిదైనంత కాలము నడచుచునే యుండును. మన పల్లెలలోను పట్టణములలోను చిన్న మూలధనముతో క్రొత్త పరిశ్రమలను ప్రారంభింప నుద్యమించు యువకులు, తొలి రూప్యమును ప్రకటనకు వెచ్చించుటకు ముందు, తొలి గిరాకీదారుని చేతిలో తాము పెట్టబోవు వస్తువును ఒక్కమాఱు త్రిప్పి చూతురుగాక. ఆ వస్తువు వాని చేతినుండి పొరుగువాని చేతికి పోదగినదియేనా? పోదగినదైనచో సగము పని యైనట్లే. కానిచో నగరమంతట చాటించినను ప్రయోజనము లేదు.